చంకలో బిడ్డ, ముందు కొండదారి: అరకులో చిన్న నడకలు ఎలా చేయాలి

మా పాపకు ఎనిమిదో నెల నడుస్తుండగా మేం అరకు వెళ్లాం. మూడు రోజులున్నాం. నడిచింది మొత్తం కలిపినా ఆరు కిలోమీటర్లకు మించదు. పెళ్లయిన కొత్తలో అవే కొండల్లో ఒక్క పూటలో అంతకు రెట్టింపు తిరిగాం. అయినా ఆ ఆరు కిలోమీటర్ల కోసం చేసుకున్న ఏర్పాట్లు, పడిన తికమకలు, తెలుసుకున్న సంగతులు అన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టుకున్నాను. ఆ తరవాత చుట్టాలు, స్నేహితులు చంటిబిడ్డలతో అదే దారి పట్టినప్పుడల్లా ఆ కాగితం చేతులు మారింది. దాన్నే ఇక్కడ విడమరిచి రాస్తున్నాను.

ఒక్క సంగతి మొదటే మనసులో పెట్టుకోండి. బిడ్డ కడుపు నిండా పాలు తాగిన వేళకూ, మళ్లీ ఆకలేసే వేళకూ మధ్య ఉండే గంటన్నర, రెండు గంటలే మీ నడక. దూరం, ఎత్తు, ఫొటోలు, వ్యూ పాయింటు అన్నీ అందులో ఇమడాలి. ఇమడనిదాన్ని ఈసారికి వదిలేయాలి.

1. ముందు బిడ్డ వయసు చూసుకోండి

మూడు నెలల లోపు బిడ్డతో కొండ నడక పెట్టుకోవద్దు. మెడ నిలవదు, తల్లి ఒంట్లో బాలింత నీరసం ఇంకా పోదు. మూడు నుంచి ఆరు నెలల మధ్య అయితే ఛాతీకి ఆనించి కట్టుకునే క్యారియర్లో, చదునైన దారిలో, అరగంట నడవవచ్చు. బిడ్డ ఆసరా లేకుండా కూర్చోగలిగాకే, అంటే మామూలుగా ఆరు నెలలు దాటాక, వీపున మోసే ఫ్రేము క్యారియర్ పనికొస్తుంది. నా లెక్కలో ఆరో నెల నుంచి పద్నాలుగో నెల దాకా ఉన్న కాలం మేలైనది. అప్పటికి బిడ్డ చుట్టూ చూస్తుంది, ఆకులు పట్టుకుంటుంది, మోయడానికి మరీ బరువుగా ఉండదు. నడక వచ్చిన బిడ్డ అయితే క్యారియర్లో ఉండనని మారాం చేస్తుంది. అప్పుడు మీ కిలోమీటరు నడక వంద అడుగుల నడక అవుతుంది. దానికీ సిద్ధపడే వెళ్లండి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు, గుండె లేదా ఊపిరితిత్తుల ఇబ్బంది ఉన్న బిడ్డల విషయంలో పిల్లల డాక్టరు సరే అన్నాకే టికెట్లు తీయండి. వరుస టీకాలు తప్పకుండా చూసుకోండి. టీకా వేయించిన మర్నాడే ప్రయాణం పెట్టుకోవద్దు. జ్వరం వస్తే అది టీకా వల్లనో, ప్రయాణం వల్లనో తెలియక కంగారు పడతారు.

ఎత్తు గురించి పెద్దవాళ్లు భయపడతారు. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఎత్తు వల్ల వచ్చే జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతుంది. కాబట్టి అరకులోనూ, మదనపల్లె దగ్గరి హార్సిలీ హిల్స్‌లోనూ ఆ బెంగ అక్కర్లేదు. లేహ్ సంగతి వేరు, అది 3,500 మీటర్లు. చంటిబిడ్డతో తొలి కొండ ప్రయాణానికి మన తూర్పు కనుమలే సరైన ఎత్తు అని నా గట్టి నమ్మకం.

2. కాలం, దారి

వర్షాకాలంలో ఆ కొండల అందం చెప్పతరం కాదు. కానీ ఎర్రమట్టి తడిస్తే అడుగు నిలవదు. బిడ్డను మోస్తూ జారితే చేతులు నేలకు ఆనించి ఆపుకోవడం కూడా కుదరదు. వర్షాకాలాన్ని బిడ్డ పెద్దయ్యేదాకా దాచుకోండి. డిసెంబరు చివర, జనవరిలో చలి గట్టిగా ఉంటుంది, జనం కూడా విపరీతం. ఘాట్ రోడ్డు మీద వాహనాలు బారులు తీరితే బిడ్డతో కారులో రెండు గంటలు ఇరుక్కుపోవడం మామూలే. నవంబరు మొదటి సగం, ఫిబ్రవరి మంచి కాలం. వారాంతం కాకుండా మంగళవారం నుంచి గురువారం దాకా పెట్టుకుంటే సగం చిక్కులు తీరినట్టే.

విశాఖపట్నం నుంచి రోడ్డు దారిన సుమారు 115 కి.మీ. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. బిడ్డను వెనక సీట్లో, ముఖం వెనక్కి ఉండేలా బిగించిన కారు సీటులో కూర్చోబెట్టండి. ఒళ్లో పెట్టుకుంటేనే భద్రం అనిపిస్తుంది, కానీ మలుపులో గట్టిగా బ్రేకు పడితే ఒళ్లోని బిడ్డను ఏ చేతులూ ఆపలేవు. ఎత్తు మారేటప్పుడు మనకు చెవులు దిబ్బడ వేసినట్టే బిడ్డకూ వేస్తాయి. మింగితే వదులుతాయి. అందుకని ఘాట్ మొదలయ్యే ముందు బిడ్డకు కొంచెం ఆకలి మిగిల్చి ఉంచండి. మధ్యలో బండి పక్కకు ఆపి పాలు పట్టండి. దిగేటప్పుడూ అంతే.

రైలయితే విశాఖ నుంచి కిరండూల్ వెళ్లేది. ఉదయం ఏడు లోపే బయలుదేరుతుంది, అరకు చేరడానికి నాలుగు గంటలు పడుతుంది. డైపర్ మార్చడానికి, పాలివ్వడానికి కారు కన్నా రైలే సుఖం. కానీ ఒక హెచ్చరిక. ఆ లైను మొత్తం మీద 58 సొరంగాలున్నాయి. ప్రతి సొరంగంలోనూ పెట్టెలోని కుర్రకారు ఈలలు, కేకలు వేస్తుంది. అప్పుడే కళ్లు మూసుకున్న బిడ్డ ఉలిక్కిపడి లేస్తుంది. మొదటి సొరంగానికే మా పాప గుక్కపట్టి ఏడ్చింది. రెండో దానికి ముందే మా ఆయన తన రెండు అరచేతులతో పాప చెవులు కప్పారు. ఐదారు సొరంగాలు గడిచేసరికి చీకటి రాగానే పాపే తల వంచి ఆయన చేతుల కోసం చూడటం మొదలుపెట్టింది.

చేరిన రోజు నడక పెట్టుకోవద్దు. బిడ్డకు కొత్త మంచం, కొత్త వాసన, కొత్త చలి అలవాటు కావడానికి ఒక రాత్రి ఇవ్వండి.

3. క్యారియర్ కొనేటప్పుడు, కట్టుకునేటప్పుడు

స్ట్రోలర్ ఇంట్లోనే ఉంచేయండి. గెస్ట్‌హౌస్ వరండాలో తప్ప దాని చక్రాలు ఎక్కడా కదలవు.

గుడ్డ క్యారియర్లో బిడ్డను కట్టుకున్నాక అద్దం ముందు నిలబడి ఈ నాలుగూ చూసుకోండి. తల కాస్త వంచితే బిడ్డ నడినెత్తిన ముద్దు పెట్టుకోగలగాలి. అందకపోతే కిందికి కట్టినట్టు. బిడ్డ గడ్డానికీ ఛాతీకీ మధ్య రెండు వేళ్లు పట్టాలి. గడ్డం ఛాతీకి నొక్కుకుంటే ఊపిరి ఆడదు. ముక్కు, నోరు ఎప్పుడూ మీ కంటికి కనిపించాలి. మోకాళ్లు పిరుదుల కన్నా కొంచెం ఎత్తులో, కప్ప కూర్చున్నట్టు ఉండాలి. తొడలు గుడ్డ మీద ఆనకుండా కాళ్లు నిటారుగా వేలాడితే తుంటి కీళ్లకు మంచిది కాదు. లోయ చూపించాలన్న సరదాతో బిడ్డను ముందుకు తిప్పి కట్టుకుంటారు. కాసేపయితే పరవాలేదు, కునుకు పట్టగానే మాత్రం లోపలికి తిప్పేయండి. నిద్రలో ముందుకు వాలే తలకు అటువైపు ఆసరా ఉండదు.

నడుము బెల్టు తుంటి ఎముకల మీద కూర్చోవాలి. చీర కుచ్చిళ్ల మీద అది నిలవదు, జారిపోతుంది. సల్వార్ కమీజో, ప్యాంటో వేసుకోండి. మెడలో గొలుసులు, నల్లపూసలు లోపలికి వేసుకోండి, లేకపోతే పావుగంటలో బిడ్డ పిడికిట్లో ఉంటాయి. బిడ్డ ఒంటి మీద నగల సంగతి పెద్దవాళ్లతో ముందే నెమ్మదిగా మాట్లాడుకోండి. కాలి పట్టీలు క్యారియర్ అంచు కింద నొక్కుకుని ఎర్రగా కందిపోతాయి. దిష్టికని గాజుకో మొలతాడుకో గుచ్చిన పిన్నీసు తెరుచుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కాటుక చుక్క చాలు, అది ఎవరికీ గుచ్చుకోదు.

ఫ్రేము క్యారియర్ ఖాళీదే రెండున్నర నుంచి మూడున్నర కిలోలు ఉంటుంది. ఎనిమిది కిలోల బిడ్డ, డైపర్లు, నీళ్లు కలిపితే వీపున పదమూడు కిలోలు దాటుతుంది. ఇంట్లో ఎవరి అడుగు గట్టిదో వాళ్లే మోయాలి. మనవరాలిని ఎత్తుకోవాలన్న ముచ్చట తాతయ్యకు ఎంత ఉన్నా ఆ ముచ్చట గెస్ట్‌హౌస్ పచ్చిక మీద తీర్చుకోవచ్చు. ఫ్రేము వేసుకున్నాక మీ ఎత్తు ఒక జానెడు పెరిగిందని గుర్తుంచుకోండి. కొమ్మ కిందికి వెళ్లేటప్పుడు నడుము వంచితే బిడ్డ ముందుకు తూలుతుంది. మోకాళ్లు వంచి కిందికి దిగండి.

4. ఇంటి దగ్గర సాధన

ప్రయాణానికి పది రోజుల ముందు నుంచి రోజూ అరగంట అదే క్యారియర్లో, అవే బూట్లతో నడవండి. విశాఖలో ఉంటే కైలాసగిరి, హైదరాబాదులో ఉంటే కేబీఆర్ పార్కు బాగుంటాయి. మేడ మెట్లు ఎక్కి దిగడం కూడా మంచి సాధనే. బిడ్డ ఎన్నో నిమిషానికి నిద్రపోతుంది, ఏ పట్టీ మీ భుజాన్ని కోస్తోంది, ఒంటి చేత్తో బకిల్ తీయగలరా అన్నవి అప్పుడే తెలుస్తాయి. మూడోసారికి కూడా బిడ్డ క్యారియర్ చూడగానే ఏడుస్తుంటే కొండ మీద మనసు మారుతుందని ఆశపడవద్దు. క్యారియర్ మార్చండి, లేదా చేతుల మీద ఎత్తుకుని నడవగలిగినంత దూరమే నడవండి.

5. బట్టలు

మనవాళ్లకు చలి అనగానే మంకీ క్యాపు, స్వెట్టరు, దాని మీద శాలువా. అత్తయ్యగారు పాప తలను కళ్లు తప్ప ఏమీ కనబడకుండా కప్పేశారు. కాదంటే నొచ్చుకుంటారని ఊరుకున్నాను. అరకు దారిలోని అనంతగిరి కాఫీ తోటల పక్క దారిలో ఇరవై నిమిషాలు నడిచామో లేదో, కాఫీ పండ్లు కోస్తున్న ఒక పెద్దావిడ బుట్ట దించి దగ్గరికొచ్చింది. పాప తల వైపు చూడనేలేదు. క్యారియర్ కింద వేలాడుతున్న కాలు పట్టుకుని, "అమ్మా, కాళ్లు మంచులా ఉన్నాయి" అంది. చూస్తే ప్యాంటు పైకి లాక్కుపోయింది, మేజోడు కిందికి జారింది. మధ్యలో నాలుగు వేళ్ల వెడల్పున పిక్క బయటే ఉంది. ఆవిడ ఆ కాలిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్ది, మేజోడు లాగి, ప్యాంటు అంచును దానిలోకి దోపింది. అంతలో మా ఆయన మంకీ క్యాపు తీశారు. లోపల పాప జుట్టు చెమటతో తడిసి నుదుటికి అతుక్కుపోయి ఉంది. ఒకే బిడ్డకు పైన ఉక్కపోత, కింద చలి!

అప్పటి నుంచి మేం పాటించే పద్ధతి చెబుతాను. ఛాతీకి కట్టుకున్న బిడ్డకు మీ ఒంటి వేడే ఒక స్వెట్టరు. కాబట్టి మీ ఒంటి మీద ఎన్ని పొరలుంటే బిడ్డకూ అన్నే చాలు. వీపున ఫ్రేములో ఉన్న బిడ్డకు ఆ వేడి అందదు. మీరు నడిచి చెమటలు కక్కుతుంటారు, బిడ్డ కదలకుండా గాలికి కూర్చుని ఉంటుంది. అక్కడ మీ కన్నా ఒక పొర ఎక్కువ కావాలి. మందపాటి ఒక్క స్వెట్టరు కన్నా పలచటి రెండు నయం, ఎండ రాగానే ఒకటి తీసేయవచ్చు. కాళ్లకు పాదాలు కలిసి ఉన్న ప్యాంటు వేస్తే మేజోళ్ల బాధే లేదు. చెవులు కప్పే మెత్తటి నూలు టోపీ చాలు.

బిడ్డకు చలి వేస్తోందా, ఉక్కపోస్తోందా అన్నది చేతులు, పాదాలు తాకి తేల్చవద్దు. అవి ఎప్పుడూ కొంచెం చల్లగానే ఉంటాయి. మెడ వెనక రెండు వేళ్లు పెట్టి చూడండి. వెచ్చగా, పొడిగా ఉంటే సరిపోయింది. తడిగా ఉంటే ఒక పొర తీయాలి, చల్లగా ఉంటే ఒక పొర వేయాలి. పావుగంటకు ఒకసారి ఈ పరీక్ష, పక్కన నడిచేవాళ్ల పని. వేలాడే కాళ్లను కూడా అప్పుడే ఒకసారి నిమిరి, ఆడించి వదలాలి.

ఎండ మాట కూడా మరవద్దు. చల్లగా ఉందని ఎండ తెలియదు కానీ, ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు అతినీలలోహిత కిరణాల తీవ్రత పది శాతం దాకా పెరుగుతుంది. ఆరు నెలల లోపు బిడ్డకు సన్‌స్క్రీన్ కన్నా నీడే రక్ష. అంచున్న టోపీ పెట్టండి, చెట్లున్న దారి ఎంచుకోండి. ఎండకని క్యారియర్ మీద చున్నీ పూర్తిగా కప్పేయడం మాత్రం వద్దు. లోపల గాలి ఆడదు, బిడ్డ ముఖం మీకు కనబడదు.

6. సంచిలో ఏముండాలి

గంటన్నర నడకకు మూడు డైపర్లు, ఒక జత బట్టలు, పరిచే ప్లాస్టిక్ గుడ్డ, తడి తొడుపులు, వాడినవి వేసుకోవడానికి బిగుతుగా మూసే కవర్లు. వాడిన డైపర్‌ను పొదల్లోకి విసిరేయవద్దు, పూడ్చవద్దు. అక్కడి వాగు నీళ్లు కింది ఊరివాళ్లు తాగేవి. వెనక్కి తెచ్చుకుని గెస్ట్‌హౌస్ చెత్తబుట్టలో వేయండి.

ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప మరేదీ, మంచినీళ్లయినా అక్కర్లేదు. మామూలు కన్నా తరచుగా పాలివ్వండి, చాలు. ఆ లెక్కన సంచిలో నీళ్లు, తినడానికి ఏదైనా ఉండాల్సింది తల్లికి. బిడ్డ గొడవలో పడి నేను మొదటి రోజు ఏమీ తినకుండా బయలుదేరాను, దిగేటప్పుడు కాళ్లు వణికాయి. పాలిచ్చే తల్లి ఆకలితో కొండ దిగకూడదు.

ఆరు నెలలు దాటిన బిడ్డకు మన ఉగ్గు పొడిని మించింది లేదు. బియ్యం, పెసరపప్పు వేయించి విసిరిన పొడిని ఇంట్లోనే పలచగా ఉడికించి, ఆరబెట్టి మళ్లీ పొడి చేసుకుంటే ఫ్లాస్కులోని మరిగిన నీళ్లతో ఎక్కడైనా కలిపి పెట్టవచ్చు. పొద్దున వండిన మెత్తటి అన్నం డబ్బాలో పెట్టుకుంటే రెండు గంటల్లోపే వాడేయండి. అరటిపండు మంచిదే కానీ కోతులున్న చోట బయటికి తీయవద్దు. బొర్రా గుహల దగ్గర వాటి బెడద బాగా ఉంటుంది. బిడ్డ చేతిలోని ముక్క కోసం మీదికి దూకుతాయి.

మందుల విషయం: మీ పిల్లల డాక్టరు బిడ్డ బరువును బట్టి రాసిచ్చిన జ్వరం మందు, ఓఆర్ఎస్ పొట్లాలు, థర్మామీటరు. జలుబు చేస్తే రాద్దామని బామ్, కర్పూరం, నీలగిరి తైలం తీసుకెళతారు. రెండేళ్ల లోపు పిల్లలకు అవి ప్రమాదం, వాసన చూపించడం కూడా వద్దు.

7. నడక రోజు

శీతాకాలంలో అరకు లోయలో పొద్దున పొగమంచు దట్టంగా ఉంటుంది. అది విడిచి ఎండ పొడ వచ్చేసరికి ఎనిమిదిన్నర, తొమ్మిది అవుతుంది. తొందరపడకండి. ఎనిమిదికి బిడ్డకు టిఫిను, తొమ్మిదికి పాలు, తేన్పు వచ్చాక డైపరు మార్చి క్యారియర్లో కట్టుకోవడం. తొమ్మిదిన్నరకు మొదటి అడుగు. గెస్ట్‌హౌస్ వాళ్లకు ఏ దారిన వెళుతున్నారో, ఎన్నింటికి వస్తారో చెప్పండి. కొండ మలుపుల్లో ఫోను సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు.

వెళ్లే ముందే వెనక్కి తిరిగే సమయం ఖాయం చేసుకోండి. మేం గడియారంలో పది పదిహేను అనుకున్నామంటే ఎదురుగా ఎంత మంచి మలుపు కనబడుతున్నా ఆ నిమిషానికి తిరిగేవాళ్లం. మొదట్లో బాధనిపించేది. కానీ బిడ్డ ఏడుపు మొదలయ్యాక తిరిగితే, వచ్చిన దారంతా ఏడుపుతోనే దిగాలి.

చాలామంది బిడ్డలు కదలికకు పది పదిహేను నిమిషాల్లో నిద్రపోతారు. నిద్రపోగానే ముఖం, గడ్డం ఎలా ఉన్నాయో చూసుకోండి. ఆపి లేపవద్దు, అదే మీ నడక. బిడ్డ లేవగానే నీడలో ఆగండి. క్యారియర్లోంచి తీసి, దుప్పటి మీద కూర్చోబెట్టి, కాళ్లు చాచుకోనివ్వండి. మా పాప మొదటి నడకలో లేచాక చేసిన పని ఒక్కటే: రాలిన సిల్వర్ ఓక్ ఆకును పట్టుకుని తిప్పడం. ఆకు పైన పచ్చగా, కింద తెల్లటి వెండి రంగులో ఉంటుంది. తిప్పిన ప్రతిసారీ రంగు మారుతుంటే పాప నోరు తెరిచి చూసింది. పావుగంట ఆ ఆకుతోనే గడిచింది. ఆ ఆకులే దారి మీద ఎండి పరుచుకుంటే జారుడుబల్లలా ఉంటాయి, అందుకే దిగేటప్పుడు వాటి మీద కాలు పెట్టవద్దు.

దిగడం ఎక్కడం కన్నా కష్టం. బిడ్డ ముందు ఉంటే మీ పాదాలు మీకు కనబడవు. చిన్న అడుగులు వేయండి, ఒక చేతిలో కర్ర ఉంచుకోండి, రెండో చేయి ఖాళీగా ఉండాలి. బిడ్డను మోసేవాళ్ల చేతిలో ఫోను ఉండకూడదు. ఫొటోలు పక్కవాళ్లు తీస్తారు. చెప్పులు కాకుండా పట్టున్న బూట్లు వేసుకోండి. బిడ్డను మోసేవాళ్ల కన్నా ముందు ఒకరు నడిచి దారి చెబుతుంటే ఇంకా మంచిది.

8. ఏ దారులు, ఏవి వద్దు

మొదటి నడక అరకు ఊళ్లోని పద్మాపురం ఉద్యానవనంలో పెట్టుకోండి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైన తోట అది. దారులు చదునుగా ఉంటాయి, నీడ ఉంటుంది, పెద్దవాళ్లు కూర్చోవడానికి చోటుంటుంది. కుటుంబమంతా కలిసి చేయదగ్గ నడక.

రెండో రోజు కాఫీ తోటల దారి. అనంతగిరి వైపు రోడ్డు పక్క నుంచే తోటల్లోకి మట్టిదారులు వెళతాయి. అక్కడ పనిచేసేవాళ్లను అడిగి అడుగు పెట్టండి. పొడవాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకుని పైకి పాకిన మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. దారి పొడవునా నీడే. నవంబరు నుంచి కాఫీ పండ్లు ఎర్రబడతాయి. బిడ్డ చేయి చాచి లాగేది వాటినే. చూడనివ్వండి, ముట్టుకోనివ్వండి, పిడికిలి మాత్రం విప్పి చూడండి. లోపలి గింజ సరిగ్గా గొంతుకు అడ్డం పడే సైజులో ఉంటుంది.

గాలికొండ వ్యూ పాయింటు రోడ్డు మీదే ఉంది. పేరులోనే గాలి ఉన్న చోటు. కారు దిగి పది నిమిషాలు నిలబడటానికి కూడా బిడ్డకు గాలి ఆగే పై పొర కావాలి. నవంబరులో లోయంతా పసుపు పరిచినట్టు వలిసె పూలు పూస్తాయి. గట్టు మీద నుంచి చూడండి. చేలోకి దిగి ఫొటోలు దిగితే రైతు పంట నలుగుతుంది. పైగా ఆ పూల నిండా తేనెటీగలుంటాయి, బిడ్డతో మధ్యలోకి వెళ్లే చోటు కాదు.

డుంబ్రిగూడ దగ్గరి చాపరాయికి వెళ్లవచ్చు. పెద్ద బండ మీదుగా నీరు పలచగా జారే చోటది. ఒడ్డున చెట్ల కింద కూర్చోండి. తడి బండ మీద నాచు ఉంటుంది, బిడ్డను ఎత్తుకుని దాని మీద ఒక్క అడుగు కూడా వేయవద్దు. బొర్రా గుహల్లో మెట్లు ఎక్కువ, తేమకు జారతాయి, లోపల ఉక్క. పెద్దవాళ్లు విడతలుగా వెళ్లి రండి, బిడ్డ బయట ఉండనివ్వండి. కటికి జలపాతం దారి రాళ్లతో, ఏటవాలుగా ఉంటుంది. బిడ్డతో వద్దు. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద నుంచి కింద పరుచుకున్న మేఘాలను చూడాలంటే తెల్లవారకముందే చలిలో, జనంలో కొండ ఎక్కాలి. అదీ వద్దు. మేఘాల మీద అంత మనసుంటే ఒకరు బిడ్డ దగ్గర ఉండి, రెండోవారు వెళ్లి రావచ్చు. అరకుకు దగ్గరలోని మాడగడ నుంచి కూడా ఆ దృశ్యం కనబడుతుంది.

9. తేనె, దోమలు

దారి పొడవునా తేనె అమ్ముతారు. గిరిజన సహకార సంస్థ తేనె కూడా దొరుకుతుంది, రుచి చాలా బాగుంటుంది. మనలో చంటిబిడ్డ నాలుకకు తేనె నాకించే అలవాటు ఉంది, పైగా "కొండతేనె" అనగానే ఇంకా మంచిదనుకుంటాం. ఏడాది నిండని బిడ్డకు ఏ తేనె అయినా, ఒక్క చుక్కయినా పెట్టకూడదు. తేనెలో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి బీజాలు పసివాళ్ల పేగుల్లో పెరిగి విషాన్ని తయారుచేస్తాయి, కండరాలు చచ్చుబడతాయి. మరిగించినా ఆ బీజాలు చావవు. పెద్దవాళ్లకు ప్రయాణానికి ముందే ఈ మాట చెప్పండి. అక్కడికెళ్లాక సీసా చేతిలో పట్టుకుని ఉన్నప్పుడు చెబితే వాదన అవుతుంది.

ఏజెన్సీలో మలేరియా ఉంది. శీతాకాలంలోనూ దోమలుంటాయి. డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు, కొండల మధ్య ఇంకా ముందే నీడ పడుతుంది. నాలుగున్నరకల్లా బిడ్డ గదిలో ఉండాలి. నిండు చేతుల బట్టలు వేయండి. మడతపెట్టే దోమతెరను ఇంటి నుంచే తీసుకెళ్లండి, పగటి నిద్రకూ వాడండి. రెండు నెలల లోపు బిడ్డకు దోమల క్రీము రాయకూడదు. ఆ పైన అయితే డాక్టరును అడిగి ఏది రాయాలో తెలుసుకోండి. అప్పుడు కూడా బిడ్డ చేతులకు, కళ్లకు, నోటి చుట్టూ వద్దు.

10. నడక ఆపేయాల్సిన గుర్తులు

ఏడుపుకు భయపడవద్దు, ఏడ్చే బిడ్డకు ఓపిక ఉన్నట్టే. ఏడవాల్సిన వేళ ఏడవకుండా మెత్తబడిపోయిన బిడ్డను చూసి భయపడాలి. మెడ వెనక చల్లగా ఉండటం, పెదవులు వాడిపోవడం, పిలిస్తే పలకకుండా మగతగా ఉండటం, ఆరు గంటలు దాటినా డైపరు పొడిగా ఉండటం, ఆగకుండా వాంతులు. వీటిలో ఏ ఒక్కటి కనబడినా బిడ్డను మీ చర్మానికి ఆనించి మీ బట్టల లోపలికి తీసుకోండి, పాలు పట్టే ప్రయత్నం చేస్తూ వెంటనే దిగిపోండి. అరకులో ప్రాంతీయ ఆసుపత్రి ఉంది. అంబులెన్సుకు 108. మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రతి నడక తరవాత గదికి రాగానే బిడ్డ బట్టలన్నీ విప్పి, గోరువెచ్చటి నీటితో తుడుస్తూ ఒళ్లంతా చూడండి. చంకలు, తొడల మడతలు, చెవుల వెనక ఏదైనా పురుగు కుట్టిందా, క్యారియర్ పట్టీ ఒరుసుకుందా అన్నది అప్పుడే తెలుస్తుంది. ఇంటికి వచ్చిన నెల రోజుల్లోపు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, బిడ్డకు జ్వరం వస్తే జలుబు జ్వరమే అని ఇంట్లో మందు వేసి ఊరుకోకండి. డాక్టరు దగ్గర కూర్చోగానే అరకు వెళ్లొచ్చామని, ఏ తేదీల్లో ఉన్నామో చెప్పండి. మలేరియాకు రక్తపరీక్ష చేయాలన్న ఆలోచన వాళ్లకు ఆ మాటతోనే వస్తుంది.